చప్పుడికి వైద్యం చేసిన బాబాయి

చమురు బాబాయి చెవి గురించి ఆ వీధిలో చెప్పుకునే కథల్లో సగం అబద్ధాలు, మిగతా సగం అంతకన్నా పెద్ద అబద్ధాలు. గోడకి అవతల దోమ ఆవలిస్తే ఇవతల ఈయన, "పాపం, దానికి నిద్ర చాల్లేదు" అన్నాడట. ఎదురింట్లో గుండీ ఊడి నేల మీద పడితే అది చొక్కాదో లాగుదో మంచం దిగకుండా చెప్పేవాడట. నమ్మేవాళ్లు నమ్మొచ్చు, నమ్మనివాళ్లకి పోయేదేమీ లేదు. నిజం మాత్రం ఒకటుంది. సబ్బుల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరిన నాటి నుంచీ ఏ యంత్రం ఏ మూల మూలిగినా, దాన్ని నడిపేవాడికంటే ముందు ఈయన లేచి నిలబడేవాడు. చేతిలో నూనె డబ్బా, నడుముకి గుడ్డపీలిక, జేబులో స్పానరు. ఈయన లోపలికి అడుగుపెడితే చాలు, హెడ్ సిస్టర్ వరండాలోకి వచ్చినప్పుడు కాన్వెంటు పిల్లలు నోళ్లు మూసుకున్నట్టు మోటార్లన్నీ గప్‌చుప్ అయిపోయేవని పనివాళ్లు చెప్పుకునేవారు.

చప్పుడంటే ఆయనకి అంత పగ ఉండడానికి కారణం వాళ్లమ్మ. ఆవిడ పిండిమర నడిపేది. బాబాయి ఉయ్యాల మర పక్కనే. మర ఆడితే పడుకునేవాడు, ఆగితే లేచి ఏడ్చేవాడు. ఆయన ఎదిగేలోపల ఆ మర ఆవిడ చెవుల్ని పిండితో పాటే ఆడించి పారేసింది. ఇక ఆ ఇంట్లో ఏం చెప్పాలన్నా వీధికి వినబడేలా అరవాల్సిందే. బడిలో తిన్న దెబ్బలు, తప్పిన పరీక్షలు, కడుపునొప్పి, అన్నీ ఊరందరికీ ఆ క్షణానే తెలిసిపోయేవి. రహస్యం అన్నది లేకుండా పెరిగినవాడు పెద్దయ్యాక నిశ్శబ్దాన్ని కోరుకోవడంలో వింతేముంది?

ఆయన్ని కట్టుకున్న ఇల్లాలిని వీధంతా పిన్ని అని పిలుస్తుంది. ఆవిడ బాధ వేరు. కాపురానికి వచ్చిన వారంలోనే ఇంట్లో ఉన్న తలుపులు, కిటికీలు, మంచం కోళ్లు, కుట్టుమిషను, ఆఖరికి బీరువా కూడా నోరెత్తకుండా చేసేశాడు మహానుభావుడు.

"తలుపు కిర్రుమంటే కదండీ మొగుడొచ్చాడని తెలిసేది! మీరు రావడం తెలీదు, పోవడం తెలీదు. వెనక్కి తిరిగితే నిలబడి ఉంటారు. దెయ్యంతో కాపురం చేస్తున్నట్టుంది."

"దెయ్యమైతే టీ అడగదుగా?"

"అడిగినా బాగుండు. దానికి పంచదార అక్కర్లేదు."

ఇంత చెవి ఉన్న మనిషికి ఒకే ఒక్క ముల్లు మిగిలిపోయింది. ఫ్యాక్టరీ వెనక షెడ్డులో సబ్బుబిళ్లల మీద పేరు ముద్ర కొట్టే పాత మిషనొకటి ఉండేది. మనిషెత్తు చక్రం, ఏనుగు కాళ్లంత దిమ్మలు. అందరూ దాన్ని ముసల్ది అనేవారు. కొత్త మిషను రాగానే ముసల్దాన్ని వెనక్కి నెట్టేశారు. అప్పటికే దాని లోపల బుష్ అరిగిపోయింది. బుష్ అంటే చక్రం ఇరుసు తిరగడానికి తొడిగే ఇత్తడి గాజు లాంటిది. బాగుచేస్తానని బాబాయి మేనేజరు చుట్టూ ఎంత తిరిగినా ఆయనది ఒకటే మాట: "దాని మీద ఒక్క బోల్టు కూడా దండగ. ఎప్పటికైనా తుక్కుకి పోయేదే." రోగాన్ని కళ్లారా చూస్తూ మందు వెయ్యలేకపోవడం ఎలాంటిదో డాక్టర్లకీ, బాబాయికీ తెలుసు. దాని మీద టార్పాలిన్ కప్పి, అటువైపు వెళ్లాల్సొస్తే తల తిప్పుకుని వెళ్లేవాడు.

సరిగ్గా ఆ ముల్లు మీదే కాలేసింది పిడుగు.

పిడుగు బాబాయి అన్నగారి కూతురు. పక్క వాటాలోనే పుట్టి పెరిగింది. పేరెవరు పెట్టారో గానీ తగినట్టే పెట్టారు. బాబాయి తలుపులకి నూనె పోస్తుంటే వెనకాలే వచ్చి అవే తలుపుల్ని ధడేలుమని వేసేది. ఒక సెలవురోజు పొద్దున్నే వచ్చి, వంటింటి గట్టు మీదకెక్కి కూర్చుని, ఉన్నట్టుండి అడిగింది.

"బాబాయ్, మీ ఫ్యాక్టరీలో అన్నిటికన్నా ఘోరంగా మోగే మిషనేది?"

బాబాయి మొహం వాడిపోయింది. వంటవాణ్ణి పట్టుకుని నువ్వు వండినవాటిల్లో బాగా మాడింది ఏది అని అడిగినట్టు అనిపించింది.

"మా దగ్గర మోగేవి లేవమ్మా."

"ఒక్కటి కూడా?"

"వెనక షెడ్డులో ఒక ముసల్దుంది. దానికి ఒంట్లో బాలేదు."

"ఎలా మోగుతుంది?"

చెప్పడానికి ఆయనకి సిగ్గేసింది. గొంతు తగ్గించి చెప్పాడు. "ఢాం అంటుంది. ఆనక కిర్ర్ అంటుంది. ఆ పైన టక్ అంటుంది."

పిడుగు గట్టు మీంచి దూకింది. "అదే బాబాయ్! అదే కావాలి మాకు!"

"పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టండి అన్నాడట వెనకటికొకడు" అంది పిన్ని పొయ్యి దగ్గర్నించి.

అప్పుడు విప్పింది సంగతి. పిడుగు ఇంకో ఇద్దరితో కలిసి బ్యాండు పెట్టింది. బ్యాండు పేరు 'తుప్పు'. గిటారు వాయించేవాడు మరీ పొడుగు కాబట్టి వాణ్ణందరూ నిచ్చెన అంటారు. రికార్డింగు చూసుకునేవాడు స్నానానికి తప్ప చెవుల మీంచి హెడ్‌ఫోన్ తియ్యడు కాబట్టి వాడి పేరే హెడ్‌ఫోన్. పిడుగు పాడుతుంది, పాడుతూ ఇనప పీపాల్ని బాదుతుంది. వాళ్లు చేసేదాన్ని ఇండస్ట్రియల్ రాక్ అంటారట. ఫ్యాక్టరీల మోత, ఇనుము రాపిడి, మోటార్ల గుర్రు, వాటి మీద గిటారు కేకలు. ఇప్పుడు మొదటి ఆల్బం చేస్తున్నారు. పేరు 'మొదటి షిఫ్టు'.

బాబాయి టీ గ్లాసు గట్టు మీద పెట్టేశాడు. జీవితమంతా తను ఊడ్చి పారబోసిన చెత్తని ఎవరో సంచీ పట్టుకొచ్చి ఏరుకుంటామంటున్నారు. కోపం రాలేదు. అదేమిటో చూడాలని మాత్రం విపరీతంగా అనిపించింది. మర్నాడే మేనేజరు దగ్గరికి వెళ్లాడు. షెడ్డుని ఎలాగూ పడగొట్టబోతున్నారు, ముసల్దాన్ని తుక్కు లారీ ఎత్తుకుపోబోతోంది, ఈలోగా సెలవురోజుల్లో పిల్లలు వచ్చి చప్పుడు చేసుకుంటే నష్టమేమిటని అడిగాడు. ఇన్నేళ్లలో ఈ మనిషి నోట చప్పుడు చేసుకుంటామనే మాట వినని మేనేజరు, ఆశ్చర్యంలోనే సరేననేశాడు.

మొదటి రోజు హెడ్‌ఫోన్ ముసల్దాని చుట్టూ మైకులు పెట్టాడు, పెళ్లిచూపుల్లో చుట్టాలు కూర్చున్నట్టు. బాబాయి స్విచ్ వేశాడు. ముసల్ది ఒళ్లు విరుచుకుని, ఢాం, కిర్ర్, టక్ అంటూ కుంటడం మొదలెట్టింది. బాబాయి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి నిచ్చెన గోడకి ఆనుకుని నవ్వుతున్నాడు, పిడుగు కాలితో తాళం వేస్తోంది. ఇక అక్కణ్ణించి వాళ్ల పాటలన్నీ ముసల్దాని నడకే నడిచాయి. అది కుంటినచోట ఇవి కుంటాయి, అది ఊగినచోట ఇవి ఊగుతాయి. బాబాయి ప్రతి సెలవుకీ వెళ్లి, సబ్బుల పెట్టె మీద కూర్చుని, ఎవరేం చేస్తున్నా అడిగేవాడు.

"పిడుగు గొంతుకి అలా గరగర ఎందుకు పెట్టావ్?" అని హెడ్‌ఫోన్‌ని.

"నునుపుగా ఉంటే చెవిలోంచి జారిపోతుంది బాబాయ్‌గారూ."

"నీ గిటారుకి తీగ సడలిందేమో చూసుకోకూడదూ?" అని నిచ్చెనని.

"కావాలనే సడలించానండీ."

"కావాలనా!" ఆ మాటని ఇంటికి తీసుకెళ్లి, అన్నంలో కలుపుకుని తిన్నాడు. కావాలని సడలించడమేమిటి?

ఒకరోజు హెడ్‌ఫోన్ తన హెడ్‌ఫోన్ తీసి, అదొక చరిత్ర, బాబాయి చెవులకి తగిలించాడు. అప్పటిదాకా చేసిన పాట వినిపించాడు. బాబాయి ఆఖరిదాకా విన్నాడు.

"ఎలా ఉంది బాబాయ్?" అంది పిడుగు.

"పాటెక్కడుంది?"

"నువ్వు విన్నదే పాట."

"అది రోగం కదే! దాని బుష్ ఎలా అరిగిపోయిందో మొత్తం వినబడుతోంది. రోగాన్ని ఎవరన్నా రికార్డు చేసుకుంటారా?"

"మేం చేసుకుంటాం" అని నవ్వేసి, పిడుగు ఆఖరి పాట సంగతి చెప్పింది. ఆల్బం మొత్తానికి ప్రాణం అదేనట. పాట మధ్యలో బాబాయి స్విచ్ తీసేస్తాడు. ముసల్ది కుంటుకుంటూ, కుంటుకుంటూ నెమ్మదించి ఆగిపోతుంది. దానితో పాటే వీళ్లూ నెమ్మదించి, దానితో పాటే ఆగిపోతారు. "ఇప్పటిదాకా నువ్వు స్విచ్ తీసేలోపే మైకులు కట్టేశాం బాబాయ్. ఆ ఆగడాన్ని ఆఖరికి దాచుకున్నాం. వచ్చే సెలవురోజు రికార్డు చేసేస్తాం. మర్నాడే కదా లారీ."

పాపం పిడుగు చెప్పినదంతా బాబాయి చెవిన పడింది. బుర్రకెక్కింది మాత్రం రెండు ముక్కలే: ముసల్దానికి ఆఖరి రోజు, ఆల్బంకి అసలైన రోజు.

ఇంటికి నడుస్తూ ఆలోచించాడు. పిల్లలు మర్యాదస్థులు. వేరే మిషను దొరక్క, ఉన్నదాన్నే బాగుందంటున్నారు. చుట్టాలింట్లో చల్లారిన అన్నం పెడితే "అబ్బే, ఇలాగే ఇష్టం" అంటాం, అంతమాత్రాన ఇంటివాళ్లు అలాగే పెడతారా? అసలైన రోజుకి ముసల్దాన్ని లేపి కూర్చోబెట్టకపోతే తను ఫిట్టరేమిటి, బాబాయేమిటి? మేనేజరు బోల్టు దండగన్నాడు గానీ, పనికిరాని ఇత్తడి ముక్కని ఎవరూ ఏమీ అనలేదుగా.

ఆ వారమంతా బాబాయి అన్నం గిన్నె మూత తియ్యకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

"ఏమండీ, నా వంట మీద అలిగారా?"

"అబ్బే. ఒక ముసలావిణ్ణి చూసుకోవాల్సొస్తోంది."

"ఎవరావిడ?"

"నేను పనిలో చేరకముందు నుంచీ ఉంది. మంచి మనిషి. నడుం పట్టేసింది."

పిన్ని గరిటె పట్టుకుని కాసేపు ఆయన్నే చూసింది. ఒంటికి చమురు వాసన తప్ప మరేదీ లేదు గనక వదిలేసింది.

భోజనాల వేళల్లో బాబాయి లేతు మిషను మీద ఇత్తడి ముక్కని తిప్పి, చెక్కి కొత్త బుష్ చేశాడు. ముసల్దాన్ని విప్పి, ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డుని కిరసనాయిలుతో కడిగాడు. ఇరుసుని నునుపు చేశాడు. అక్కడితో ఆగితే ఆయన బాబాయి ఎందుకవుతాడు? తుప్పంతా గీకి, స్టోరులో అడుగున మిగిలిన ఆకుపచ్చ రంగు కూడా వేసేశాడు. ఆఖరున స్విచ్ వేసి, దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. పెరుగు గిన్నె దగ్గర కూర్చున్న పిల్లిలా ఉంది ముసల్ది. ఆయన కళ్లు చెమర్చాయని తోటివాళ్లంటారు. కిరసనాయిలు ఘాటని ఆయనంటాడు.

సెలవురోజు మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. టార్పాలిన్ కప్పే ఉంది. బాబాయి దాని పక్కన చేతులు వెనక్కి కట్టుకుని, బహుమతి తెచ్చిన మేనమామలా నిలబడ్డాడు. మైకులు కూర్చున్నాయి. పిడుగు పీపాల ముందుకొచ్చింది.

"వెయ్యి బాబాయ్."

బాబాయి టార్పాలిన్ లాగాడు. స్విచ్ వేశాడు.

"అదేంటి, పచ్చగా ఉంది?" అన్నాడు నిచ్చెన. చూద్దామని భుజం ఆనించి వంగాడు. రంగు ఇంకా ఆరలేదు. భుజం పచ్చనైంది, ముసల్దాని మీద చొక్కా మడత అచ్చు పడింది.

"బావుందిలే. స్విచ్ వెయ్యి బాబాయ్" అంది పిడుగు మళ్లీ.

"వేశానమ్మా."

"ఎక్కడ వేశావ్?"

"తిరుగుతోంది చూడు."

నిజంగానే మనిషెత్తు చక్రం గిర్రున తిరుగుతోంది. ముద్ర కొట్టే దిమ్మ పైకీ కిందికీ ఆడుతోంది. చప్పుడు లేదు. బెల్టు గాలి ఒక్కటే మొహానికి తగులుతోంది. హెడ్‌ఫోన్ ముందు తన వైర్లు చూసుకున్నాడు, తర్వాత మైకుని గోటితో కొట్టి చూశాడు, తర్వాత చెవుల మీంచి హెడ్‌ఫోన్ తీసి, సబ్బుల పెట్టె మీద కూలబడ్డాడు.

"బాగుచేశాను" అన్నాడు బాబాయి. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ దాని బరువు ఆయనకి తెలియలేదు.

పిడుగు అరుస్తుందనుకున్నారు. అరవలేదు. దానికే భయం వేసింది బాబాయికి. కర్ర కింద పెట్టి నెమ్మదిగా అంది. "రేపు లారీ వస్తుంది బాబాయ్. ఆఖరి పాట లేకపోతే ఇది ఆల్బం కాదు. తల లేని మొండెం."

"ఇదివరకు తీసినవి ఉన్నాయిగా, వాటినే అతికిద్దాం" అన్నాడు హెడ్‌ఫోన్.

"వాటిల్లో అది ఆగడం ఎక్కడుందిరా? ఆగడమే కదా పాట!"

"పాత బుష్ ఉంది" అన్నాడు బాబాయి గబగబా. "మళ్లీ అదే వేసేస్తాను. చిటికెలో పని."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తుక్కు డబ్బా బోర్లించాడు. పాత బుష్ దొరికింది. విప్పాడు, తొడిగాడు, బిగించాడు, స్విచ్ వేశాడు. ఢుబ్, ఉస్స్, ఢుబ్, ఉస్స్ అంది ముసల్ది.

"ఇది కాదు" అన్నారు ముగ్గురూ.

బోల్టు వదులు చేశాడు. గణగణమంది. ఇంకో పక్క బిగించాడు. గొణిగింది. జిడ్డు పోయింది, ఇరుసు నునుపైంది, ఇప్పుడు పాత రోగం రమ్మంటే ఎక్కణ్ణించి వస్తుంది? మనిషికి జలుబు తగ్గించొచ్చు. అదే తుమ్ము మళ్లీ తుమ్మమంటే ఎవడి తరం? చప్పుడు పోగొట్టడానికి ఆయన దగ్గర వంద పనిముట్లున్నాయి. తెప్పించడానికి ఒక్కటీ లేదు.

"అసలు అదెలా ఉండేదో ఒకసారి చెప్పు" అన్నాడు చివరికి, చెమట తుడుచుకుంటూ.

"నీకు తెలీదా బాబాయ్? నీ మిషనేగా?"

"తెలుసనుకున్నాను. ఢాం, కిర్ర్, టక్."

"కాదు." పిడుగు ఆయన పక్కన కూర్చుని నోటితో పలికింది. ఢాం. కిర్ర్. ఆపైన ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత టక్. "ఆ మధ్యలో ఆగుతుంది చూడు. ఊపిరి పీల్చుకున్నట్టు. పడిపోతుందేమో అనిపిస్తుంది. పడదు. నిలదొక్కుకుని టక్ అంటుంది. మా పాటలన్నీ ఆ ఖాళీలోనే ఉన్నాయి బాబాయ్."

బాబాయి ఆమె నోటి దగ్గరికి చెవి వంచాడు. అన్నేళ్లు విన్నాడు. ఢాం అంటే ఏది అరిగిందో, కిర్ర్ అంటే ఏది రాసుకుంటోందో విన్నాడు. మధ్యలో ఖాళీ ఉందని ఆయనకి తెలియనే తెలియదు. ఖాళీకి రోగమేముంటుంది, వినడానికి?

"మళ్లీ అను" అన్నాడు. అంది. "మళ్లీ." మళ్లీ అంది. ఆయన కూడా నోటితో పట్టుకోబోయాడు. రాలేదు. నిచ్చెన పక్కకి తిరిగి నవ్వాడు. ఆ నవ్వుకి హెడ్‌ఫోన్, హెడ్‌ఫోన్‌కి పిడుగు నవ్వేశారు. షెడ్డులో గాలి కొంచెం తేలికైంది గానీ పాట మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. గేటు మూసే వేళ దగ్గరికొస్తోంది. పిడుగు చక్రం వంక చూస్తూ అడిగింది.

"బాబాయ్, కొత్త బుష్ వేస్తే, స్విచ్ తీశాక ఎంతసేపు తిరుగుతుంది?"

"చాలాసేపు."

"చాలాసేపంటే?"

"ఏమో. బాగున్న మిషన్ని ఆపి, అది ఆగేదాకా చూస్తూ కూర్చునేదెవరు? ఆపేసి ఇంటికి పోతాం."

"అయితే నీకూ తెలీదన్నమాట."

"తెలీదు." ఆ మాట అంటుంటే ఆయన మొహంలో వెలుగొచ్చింది. ఫిట్టరయ్యాక ఆయనకి తెలియని యంత్రం సంగతి ఒకటి దొరకడం అదే మొదలు.

"నాకూ తెలీదు" అంది పిడుగు. "చూద్దామా?"

హెడ్‌ఫోన్ తల పట్టుకున్నాడు. "చప్పుడు లేకుండా తిరిగేదాన్ని ఏం రికార్డు చెయ్యను?"

"మేం చేస్తాంలే చప్పుడు. అది ఆగేదాకా మేం ఆగం. అంతే పాట."

కొత్త బుష్ మళ్లీ లోపలికెళ్లింది. బాబాయి పని తేలిక: పిడుగు తల ఊపగానే స్విచ్ తియ్యడం, చక్రం పూర్తిగా నిలబడగానే చెయ్యెత్తడం. మధ్యలో మాట్లాడకూడదు, దగ్గకూడదు, ముఖ్యంగా ఏదీ బిగించకూడదు. స్పానరు జేబులోంచి తీసి నిచ్చెనకి అప్పగించాడు, తాగుబోతు సీసా అప్పగించినట్టు.

మొదలెట్టారు. పీపాలు ఉరిమాయి. గిటారు రంపంలా కోసింది. షెడ్డు పైకప్పు రేకులు అదిరాయి. పిడుగు గొంతు చించుకుని పాడుతూ పాడుతూ తల ఊపింది. బాబాయి స్విచ్ తీశాడు.

చక్రం తిరుగుతూనే ఉంది.

అనుకున్న పాట అయిపోయింది. చక్రానికి ఆగే ఉద్దేశం లేదు. పిడుగు మొదటి చరణం మళ్లీ ఎత్తుకుంది, ఈసారి కాస్త మెల్లగా. గిటారు రంపం వదిలేసి గొణుగుడులోకి దిగింది. పీపాల మీద కర్రలు పోయి అరచేతులొచ్చాయి, అరచేతులు పోయి వేళ్లొచ్చాయి. చక్రం తిరుగుతూనే ఉంది. మాటలు అయిపోయి పిడుగు కూనిరాగంలోకి వచ్చింది. ఒకరినొకరు కాదు, ముగ్గురూ చక్రాన్నే చూస్తున్నారు, అది తర్వాత ఏం చెబుతుందోనని. కిటికీ ఎండ గోడ ఎక్కింది. ఆ రోజు అది ఎంతసేపు తిరిగిందని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెబుతారు. బాబాయి లెక్క ప్రకారమైతే నిచ్చెనకి గడ్డం పెరిగింది.

చివరికి చక్రం ఊచలు విడివిడిగా కనబడ్డాయి. ఒక ఊచ మీద ఆకుపచ్చ రంగు చుక్క కారి నిలిచింది. బాబాయి చూపు దాని మీదే. అది పైకెక్కింది, దాటింది. మళ్లీ ఎక్కింది, తటపటాయించింది, దాటింది. మూడోసారి పైదాకా వెళ్లి, ఇక నావల్ల కాదన్నట్టు వెనక్కి జారింది. ఉయ్యాలలా అటూ ఇటూ ఊగింది. పిడుగు వేలు పీపా మీద ఒకసారి తగిలి, లేచి, గాల్లోనే ఆగిపోయింది. చక్రం నిలబడింది. షెడ్డులో గాలి కూడా నిలబడింది. బాబాయి చెయ్యెత్తబోయాడు.

టింగ్.

ముసల్దాని లోపల ఎక్కడో. చెంచా గాజు గ్లాసుకి తగిలినంత.

"అరె! ఎక్కడిదది?" అన్నాడు బాబాయి.

అనేసి, జిడ్డు చేత్తో నోరు మూసుకున్నాడు. ఏం లాభం? హెడ్‌ఫోన్ మొహం చూస్తే మైకులు బాగానే పనిచేస్తున్నాయని తెలిసిపోయింది.

బయట వాచ్‌మన్ తాళాల గుత్తి ఊపుతున్నాడు. మళ్లీ తియ్యడానికి పొద్దు లేదు. హెడ్‌ఫోన్ ఉన్నది వినిపించాడు. మొత్తం విన్నారు. ఉరుము, వాన, తుంపర, చినుకు, ఆపైన ఏమీ లేదు, ఆపైన టింగ్, ఆపైన చమురు బాబాయి. పిడుగు పొట్ట పట్టుకుని నవ్వుతూ ముసల్దానికే చేరబడిపోయింది. వీపంతా పచ్చన.

"ఉంచెయ్" అంది.

"ఆల్బం చివర సబ్బుల ఫిట్టరు గొంతా?"

"మరి మొదట్నించీ మనకి తాళం వేసిందెవరి మిషన్రా?"

"నా మాట కోసెయ్యి బాబూ, బావుండదు" అన్నాడు బాబాయి.

"నువ్వు నోరు మూసుకో బాబాయ్. ఇప్పటికే చాలా బాగుచేశావ్." అంటూనే ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇంకోసారి విందాం."

మర్నాడు లారీ వాళ్లు టీ తాగేలోపల బాబాయి ముసల్దాన్ని విప్పాడు. టింగ్ అనగలిగిందేదీ లోపల దొరకలేదు. వదులు బోల్టు లేదు, విరిగిన ముక్క లేదు. అన్నీ గోటితో మీటి చూశాడు. ఒక్కటీ ఆ స్వరం పలకలేదు. లారీ కదిలి వీధి మలుపు తిరిగేదాకా చెవి అటే వేసి నిలబడ్డాడు. ఇంటికొచ్చి పిన్నితో చెబితే, "మీరు పట్టుకోలేని చప్పుడు కూడా ఒకటుందన్నమాట లోకంలో. హమ్మయ్య" అంది.

ఆల్బం వచ్చింది. అట్ట మీద పచ్చరంగు, దానిలో నిచ్చెన చొక్కా భుజం అచ్చు. అదేదో గొప్ప కళ అని కొందరు రాశారు. కొన్నవాళ్లు మరీ ఎక్కువేం లేరు గానీ కొన్నవాళ్లంతా ఆఖరిదాకా విన్నారు.

'తుప్పు' మొదటిసారి జనం ముందు వాయించిన సాయంత్రం బాబాయి చెవుల్లో దూది పెట్టుకుని, పిన్ని పక్కన ముందు వరసలో కూర్చున్నాడు. ఆఖరి పాట తగ్గింది, తగ్గింది, ఆగింది. నిచ్చెన ఒక గ్లాసుని గోటితో మీటాడు. వెంటనే వెనక హాలు హాలంతా ఒక్క గొంతుతో, "అరె! ఎక్కడిదది?" అంది.

బాబాయి ఉలిక్కిపడి లేచాడు. దూది తీసి, ఇంతమంది ఒక్కసారిగా అడుగుతుంటే చెప్పకపోతే మర్యాద కాదనుకున్నాడేమో, వెనక్కి తిరిగి చేతులు జోడించాడు.

"తెలీదండీ" అన్నాడు. "విప్పి చూశాను కూడా."

అప్పట్నించీ వాళ్లు ఎక్కడ వాయించినా ఆ మాట కూడా జనమే అంటారట.